గుంటక మీద రాయి – పడవలో నీళ్ళ సంచి

– ఒక పూర్వ విద్యార్థి (పదో తరగతి, 1996)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన పూర్వ విద్యార్థుల మిత్రులు ఫోన్ చేసినప్పుడు, "చదువుకోండి, కష్టపడండి అని అందరూ రాస్తారు. నువ్వు బయట చూసిన కొత్త సంగతి ఒకటి రాయప్పా" అన్నారు. అందుకని పత్తికొండలో ఇంతవరకు ఎవరికీ అవసరం పడని సంగతి ఒకటి ఎంచుకున్నాను. చిన్న బోటులోకి కావాలని బరువు ఎందుకు ఎక్కిస్తారు, ఎక్కడ పెడతారు, ఎంతదాకా పెట్టవచ్చు అన్నదే ఆ సంగతి. తాగేదానికే నీళ్ళు చూసుకునే ఊరికి బోటు కబుర్లేమిటని నవ్వుకోకండి. చివరిదాకా చదివితే ఇది మన సంగతే అని మీకే తెలుస్తుంది.

ముందు మన గుంటక గురించి చెప్పుకుందాం. హాస్టలులో ఉండే తమ్ముళ్ళలో సగం మందికి పైగా సేద్యం పనులు చూసినవాళ్ళే. నల్లరేగడిలో గుంటక తోలేటప్పుడు, నేల గట్టిగా ఉంటే కింద ఉండే ఇనుప బద్ద భూమిలోకి దిగదు. పైపైన గీసుకుంటూ పోతుంది. అప్పుడు రైతు ఏం చేస్తాడు? గుంటక దిమ్మ మీద ఒక రాయి పెట్టి కడతాడు. రాయి దొరక్కపోతే పిల్లవాడిని కూర్చోబెడతాడు. నేను ఐదో తరగతి దాకా మా నాయన పనికి పోయే రైతు చేనులో ఆ రాయి ఉద్యోగమే చేశాను. "కదలొద్దు, నడిమధ్యన కూచో" అనేవాడు మా నాయన. నేను కుడివైపుకు జరిగితే కుడివైపు బద్ద లోతుకు దిగేది, ఎడమవైపు లేచిపోయేది. ఇంకొకడిని ఎక్కిస్తే ఎద్దులు లాగలేక నిలబడిపోయేవి. బరువు కావాలి, సరైన చోట కావాలి, ఎద్దు లాగగలిగినంతే కావాలి. ఈ మూడు మాటలు అప్పుడు నాకు పాఠంగా తెలియవు గాని ఒంటికి తెలుసు.

ఎద్దులబండి కూడా అంతే. కట్టెలు, శెనక్కాయ మూటలు వేసేటప్పుడు ముందు మొగ్గు ఎక్కువైతే బరువంతా ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనక మొగ్గు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దు గొంతు కింది తాడు బిగుసుకుంటుంది. అందుకే పెద్దవాళ్ళు బండి నింపేటప్పుడు మధ్యమధ్య కాడిని చేత్తో ఎత్తి చూసేవాళ్ళు. ఆ చూపుకు ఏ తక్కెడా అక్కరలేదు.

ఇక నా కథ క్లుప్తంగా చెబుతాను. హాస్టలులో ఉండి పదో తరగతి ముగించాను. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా, తర్వాత ఇంజనీరింగ్ చదివాను. స్కాలర్‌షిప్పులు, అప్పులు కలిసి నన్ను అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చేర్చాయి. ఆస్టిన్ పట్టణంలో ఒక కంపెనీలో ఉద్యోగం. ఆ ఊరికి దగ్గర్లో ట్రావిస్ సరస్సు అని ఒకటుంది. సరస్సు అంటే తనంతట తాను ఏర్పడింది కాదు. మన శ్రీశైలంలాగే నదికి అడ్డంగా డ్యామ్ కట్టగా నిలిచిన నీళ్ళు. 1940ల మొదట్లో మాన్స్‌ఫీల్డ్ డ్యామ్ పూర్తయ్యాక నిండింది. అక్కడి నది పేరు కొలరాడో. పేరు వినగానే సినిమాల్లో చూపించే పెద్ద లోయ గుర్తొస్తుంది గాని అది వేరే నది, ఇది టెక్సాస్‌లోనే పుట్టి టెక్సాస్‌లోనే సముద్రంలో కలిసే నది. ఆ ప్రాంతానికీ కరువు కొత్త కాదు. 2023లో నీరు బాగా దిగిపోయి, బోట్లను నీళ్ళలోకి దించే ర్యాంపులు చాలావరకు మూసేశారు. ఆ ఎండిన గట్లు చూస్తే మన వైపు చెరువులే గుర్తొచ్చాయి నాకు.

మా ఆఫీసులో పనిచేసే ఒకాయనకు పద్దెనిమిది అడుగుల పాత బోటు ఉండేది. శనివారం వస్తే పిల్లలతో ఆ సరస్సుకు పోయేవాడు. వాళ్ళ ఆట పేరు వేక్‌బోర్డింగ్. బోటు వెనక పొడవాటి తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని, రెండు కాళ్ళూ ఒకే పలకకు బిగించుకుని నీళ్ళ మీద జారుతూ పోవడం ఈ ఆట. తాడు దాదాపు డెబ్బై అడుగులుంటుంది. బోటు గంటకు ముప్పై నుంచి ముప్పై ఏడు కిలోమీటర్ల వేగంతో పోతుంది. మడక దున్నినప్పుడు చాలు పడి, చాలుకు రెండు పక్కలా మట్టి గట్టులా లేస్తుంది కదా. బోటు వెనక కూడా సరిగ్గా అలాగే రెండు నీళ్ళ గట్లు లేస్తాయి. దాన్నే వాళ్ళు వేక్ అంటారు. ఆడేవాడు పక్కనుంచి వేగంగా వచ్చి ఆ గట్టు ఎక్కి గాల్లోకి ఎగురుతాడు. గట్టు ఎంత ఎత్తుగా, ఎంత నున్నగా ఉంటే అంత బాగా ఎగరవచ్చు.

ఆయన బోటు చిన్నది, తేలికైనది. తేలిక బోటు వేగం అందుకోగానే నీళ్ళ మీదికి లేచి పరుగెత్తుతుంది. అడుగుభాగం నీళ్ళలో కొంచెమే ఉంటుంది కాబట్టి వెనక లేచే గట్టు కూడా జానెడే. దీనికి మందు బరువు. మనం ఫిజిక్సు పుస్తకంలో చదివిన ఆర్కిమెడీస్ సూత్రమే ఇది. నిలకడగా తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువున్న నీటిని పక్కకు తోస్తుంది. బోటు బరువు పెరిగితే అది లోతుకు కూర్చుంటుంది, పోతున్నప్పుడు ఎక్కువ నీటిని పక్కలకు నెడుతుంది. బోటు దాటిపోగానే వెనక ఏర్పడిన గుంతలోకి ఆ నీళ్ళు ఉరికి వచ్చి ఎత్తుగా లేస్తాయి. ఈ అదనపు బరువునే బల్లాస్ట్ అంటారు. గుంతకల్లు దారిలో రైలు పట్టాల కింద పరిచిన కంకరకు కూడా రైల్వే వాళ్ళ మాట అదే. అక్కడ పట్టాలు కదలకుండా, ఇక్కడ పడవ పైపైన తేలిపోకుండా.

బరువంటే ఏం పెడతారు? మనమైతే రాళ్ళే అనుకుంటాం. వాళ్ళు పెట్టేది నీళ్ళు. మందమైన రబ్బరులాంటి గుడ్డతో కుట్టిన పెద్ద సంచులుంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు మడిచి పెట్టెలో పెట్టుకోవచ్చు. సరస్సులోకి పోయాక చిన్న పంపు మోటారుతో సరస్సు నీళ్ళే ఆ సంచుల్లోకి తోడతారు. లీటరు నీళ్ళు కిలో బరువు, లెక్క సులువు. ఆట అయిపోగానే మళ్ళీ ఆ పంపుతోనే బయటికి తోడేస్తారు. ఒడ్డుకు తెచ్చేటప్పుడు బోటు మళ్ళీ తేలికే.

ఇసుక మూటలు, సిమెంటు మూటలు, ఇనుప ముక్కలు చవగ్గా దొరుకుతాయి కదా, వాటిని పెడితే పోదా అని నేను ఆయనను అడిగాను. ఆయన చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. ఖర్మకాలి బోటులోకి నీళ్ళు వచ్చి మునిగే పరిస్థితి వస్తే, సంచిలోని నీళ్ళకు బయటి నీళ్ళలో బరువుండదు. నీళ్ళలో నీళ్ళు తేలవు, మునగవు. ఇసుక, ఇనుము అలా కాదు, బోటును అడుక్కు లాక్కుపోతాయి. బావిలో బిందె ముంచినప్పుడు నీళ్ళలో ఉన్నంతసేపూ తేలిగ్గా ఉండి, పైకి తేలగానే చేయి లాగేస్తుంది కదా. ఆ తేడాలోనే మనుషుల ప్రాణాలున్నాయి.

ఎంత బరువు, ఎక్కడ అన్నది అసలు విద్య. నేను మెకానికల్ చదివినవాడినని ఆయన లెక్క నాకు అప్పగించాడు. ఆ బోటు పక్కన ఒక చిన్న రేకు బిగించి ఉంది. ఇరవై అడుగుల లోపు మోటారు బోట్లకు అలాంటి రేకు ఉండాలని అక్కడి చట్టం. ఎంతమంది ఎక్కవచ్చు, మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు మోయగలదు అని దాని మీద రాసి ఉంటుంది. ఆయన బోటు మీద ఉన్నది కిలోల్లోకి మారిస్తే దాదాపు 520. మనుషులైతే ఎనిమిది మంది. నీళ్ళ సంచులు ఎక్కిస్తే ఆ బరువు కూడా ఇందులో నుంచే తీసివేయాలి. మేము 300 కిలోల నీళ్ళు పెట్టాలనుకున్నాం. మిగిలింది 220 కిలోలు. అంటే డెబ్బై కిలోల మనుషులు ముగ్గురు. నడిపేవాడు ఒకడు, వెనక తాడు పట్టుకున్నవాడిని కనిపెట్టుకుని ఉండేవాడు ఒకడు, ఆ ఆడేవాడు తిరిగి ఎక్కితే వాడొకడు. ఎనిమిది మంది బోటు ముగ్గురి బోటు అయింది. ఇంకొకరు ఎక్కాలంటే ముందు సంచిలో నీళ్ళు దిగాలి.

ఆ 300 కిలోలను ఒకచోట పెట్టలేదు. వెనక కుడి మూలన 90, ఎడమ మూలన 90, ముందు భాగంలో 120. వెనక నూటికి అరవై పాళ్ళు, ముందు నలభై. మామూలుగా పాటించే పద్ధతి దాదాపు ఇదే. బరువంతా వెనకే వేస్తే గట్టు నిటారుగా, ఎత్తుగా లేస్తుంది గాని బోటు ముక్కు ఆకాశం చూస్తుంది, నడిపేవాడికి ముందు ఏముందో కనిపించదు, వేగం అందుకోవడానికి ఇంజను మూలుగుతుంది. ముందు కొంత వేస్తే గట్టు వాలుగా, పొడవుగా, ఎక్కేదానికి నున్నగా వస్తుంది. మరీ ముందు వేస్తే ముక్కు దిగబడి, అల వచ్చినప్పుడు నీళ్ళు లోపలికి దూకుతాయి. ఒక పక్క ఎక్కువైతే ఒక గట్టు బాగుంటుంది, రెండోది నురగయి చెదిరిపోతుంది. నడిపేవాడు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి చూసేవాడిని ఎడమవైపు కూర్చోబెట్టాలి. సంచులు కదలకుండా కట్టాలి. మలుపు తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు జారితే ఆ పక్కకే బోటు ఒరుగుతుంది. ఒరిగిన పక్కకే మళ్ళీ బరువు జారుతుంది.

ఇదంతా కాగితం మీద వేస్తుంటే నాకు నవ్వొచ్చింది. నడిమధ్యన కూచో అన్న మా నాయన మాట, మధ్యమధ్య కాడి ఎత్తి చూసే పెద్దల చూపు – ఇక్కడ పంపులు, మీటర్లు, బటన్లు వచ్చాయి తప్ప విషయం మారలేదు. మనకు తెలిసినదాన్ని మనం చదువు అనుకోము. అదే వేరే భాషలో, వేరే ఊళ్ళో చెబితే పెద్ద విద్య అనుకుంటాం.

2018 ఎండాకాలంలో మా అమ్మ మా దగ్గరికి వచ్చింది. ఒక శనివారం ఆమెను కూడా సరస్సుకు తీసుకుపోయాము. ఒడ్డున చెట్టు కింద కుర్చీ వేసి కూర్చోబెడితే పంపు పనిచేయడం, సంచులు ఉబ్బడం అంతా కళ్ళు ఆర్పకుండా చూసింది. తర్వాత నన్ను పిలిచి అడిగింది.

"ఏమి నాయనా, చెరువులో ఉండే నీళ్ళనే పడవలో పోసుకునేది, మళ్ళా చెరువులోకే పారబోసేదానికేనా?"

"అవునమ్మా, బరువుకు."

"ఎన్ని బిందెలుంటాయి?"

లెక్క వేసి ఇరవై బిందెలన్నాను. ఆమె కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. మా పల్లెలో బోరు ఎండిపోయిన ఏడాది చేనుబావి నుంచి ఒక్కొక్క బిందే నెత్తిన పెట్టుకుని తెచ్చిన మనిషి ఆమె. రెండు బిందెలతో ఇంటిల్లిపాది రోజు గడిపిన ఎండాకాలాలు నాకూ గుర్తున్నాయి. ఏదో నిష్ఠూరం ఆడుతుందేమో అనుకున్నాను. ఆమె బోటు వైపు చూపించి, "ముందర ఇంకొంచెం పొయ్యమను, వెనక మొగ్గుతాంది" అన్నది. నిజంగానే ముందు సంచి ఇంకా నిండలేదు. ఆమె బడికి పోలేదు, నీళ్ళ మీద పడవను దగ్గరగా చూడడం ఆమెకు అదే మొదటిసారి. బోటాయనకు ఆ మాట ఇంగ్లీషులో చెబితే ఆమె దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

ఆ నీళ్ళు పారబోయడం వెనక కూడా ఒక చట్టం ఉంది. జీబ్రా మసెల్ అని గోరంత ఆల్చిప్పలాంటి జీవి ఉంటుంది. బయటి దేశాల నుంచి ఓడల్లో నింపుకొచ్చిన నీళ్ళతో అమెరికాకు చేరింది. టెక్సాస్‌లో 2009లో మొదట కనిపించి, 2017కల్లా ట్రావిస్ సరస్సుకు కూడా వచ్చింది. పైపులకు, బోట్లకు పట్టుకుని గుంపులు గుంపులుగా పెరుగుతుంది. దాని పిల్లలు కంటికి కనిపించవు. సంచిలో మిగిలిన చెంబెడు నీళ్ళతో ఇంకో చెరువుకు పోగలవు. అందుకని 2014 నుంచి టెక్సాస్ అంతటా ఒక నిబంధన పెట్టారు. ఏ చెరువు నీళ్ళు ఆ చెరువు దగ్గరే పూర్తిగా తోడేసి, బోటు ఆరబెట్టి కదలాలి. పెద్ద ఓడలకైతే ఇలా నింపుకునే నీళ్ళ మీద చాలా దేశాలు కలిసి చేసుకున్న ఒప్పందమే ఉంది. 2017 సెప్టెంబరులో అది అమలులోకి వచ్చింది. సరుకు దించి ఖాళీగా పోయే ఓడ తూలిపోకుండా సముద్రపు నీళ్ళు నింపుకుంటుంది. పాతకాలంలో రాళ్ళు, ఇసుక నింపుకునేవాళ్ళు. మన విశాఖపట్నం రేవుకు వచ్చే ఓడలకూ ఇదే పద్ధతి.

అయితే బరువు అడుగున ఉంటేనే పడవకు మేలు. పైన ఉంటే అదే బరువు పగ. దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణ స్వీడన్ దేశపు వాసా అనే యుద్ధనౌక. రాజుగారి ముచ్చట కొద్దీ రెండు అంతస్తుల నిండా బరువైన ఫిరంగులు పెట్టారు. అడుగున వేసిన రాళ్ళు ఆ పైబరువుకు చాలలేదు. బయలుదేరేముందు ముప్పై మంది నావికులను ఈ పక్క నుంచి ఆ పక్కకు పరుగెత్తించి చూస్తే ఓడ భయంకరంగా ఊగింది, పరీక్ష ఆపేశారు. కాని ప్రయాణం ఆపలేదు. 1628 ఆగస్టు 10న మొదటి ప్రయాణంలోనే మైలు దూరం కూడా పోకుండా గాలికి ఒరిగి మునిగిపోయింది. ప్రమాదం తెలిసినవాళ్ళు ఉన్నారు, చెప్పే ధైర్యం ఉన్నవాళ్ళు లేరు.

ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు వేరే గొడవ ఎత్తుకున్నాడు. ఓడ యజమానులు లాభం కోసం పరిమితికి మించి సరుకు నింపి పంపితే మునిగేది కూలికి పోయిన నావికులే కదా అని పోరాడాడు. 1876లో చట్టం వచ్చింది. ఓడ పక్కన ఒక గుర్తు గీయాలి, ఆ గుర్తు నీళ్ళలో మునిగేదాకా సరుకు నింపరాదు. ఆ గీతకు ఇప్పటికీ ఆయన పేరే. ఒక గీత, ఒక చిన్న రేకు ఎంతమంది పేదల ప్రాణాలు కాపాడతాయో చూడండి.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణానదిలో పవిత్ర సంగమం చేరువలో ఒక బోటు బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అది అనుమతి లేని బోటు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర, వరద మీదున్న నదిలో పర్యాటకుల బోటు మునిగింది. డెబ్బై మందికి పైగా ఎక్కిన ఆ బోటులో సగానికి పైగా మంది తిరిగి ఇళ్ళకు రాలేదు. బోటును బయటికి తీయడానికే నెల రోజులకు పైగా పట్టింది. ఆ వార్తలు టెక్సాస్‌లో కూర్చుని చూస్తున్నప్పుడు నాకు ఆ బోటు పక్కనున్న చిన్న రేకే కళ్ళ ముందు మెదిలింది. కుటుంబంతో సరదాగా ఎక్కిన మనిషికి ఎంతమంది ఎక్కవచ్చని అడగాలని తోచదు. అడిగితే నవ్వుతారేమో అనుకుంటాడు. బస్సులో, ఆటోలో ఇరుక్కుని పోవడం అలవాటైన మనకు బోటు కూడా ఆటోలాగే కనిపిస్తుంది. ఆటోలో ఎక్కువమంది ఎక్కితే ఊపిరాడదు, బోటులో ఎక్కువమంది ఎక్కితే ఊపిరే ఉండదు.

బోటు కదిలాక అందరూ ఒక పక్కకు పోయి ఫోటోలు దిగడం, పై అంతస్తులో నిలబడి డ్యాన్సులు వేయడం మనం చూస్తూనే ఉంటాం. పైన నిలబడ్డ మనిషి వాసా ఓడలోని ఫిరంగిలాంటివాడు. మంత్రాలయం దగ్గర తుంగభద్రలో పుట్టి తోలే మనిషి ఈ సూత్రం చదవకుండానే పాటిస్తాడు. తొమ్మిదో తరగతిలో ఉండగా నేను పుట్టి ఎక్కినప్పుడు ఆయన మమ్మల్ని ఒకచోట కుప్పగా కూర్చోనివ్వలేదు. "చుట్టూ సర్దుకుని కూచోండి, ఎవరూ లేవొద్దు" అన్నాడు. మా కంటే లావుగా ఉన్న ఒక పెద్దాయనకు ఎదురుగా ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టాడు. గుండ్రటి పుట్టి ఖాళీగా ఉంటే గిరగిరా తిరుగుతుంది, మనుషులు సమంగా కూర్చుంటే కుదురుగా పోతుంది. బరువును పనికి పెట్టుకోవడమంటే అదే.

తమ్ముళ్ళూ, ఈ సంగతులు మీకు ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా కాలం వేరు, మీ కాలం వేరు. మేము చదివేటప్పుడు మన చుట్టుపక్కల వాన నీళ్ళు తప్ప వేరే నీళ్ళు లేవు. ఈతంటే చేనుబావుల్లో, అది కూడా వానలు బాగా పడిన ఏడాదే. 2012లో హంద్రీనీవా మొదటి దశ మొదలై శ్రీశైలం వెనకజలాలు మన వైపు రావడం మొదలయింది. పందికోన దగ్గర జలాశయం వచ్చింది. కాలువలో పారే నీళ్ళు చూసి మా నాయన వయసువాళ్ళు మొక్కుకున్నారు. నీళ్ళు రావడం మన తరతరాల కోరిక. కాని నీళ్ళు వచ్చిన చోటికి ఈత రాని పిల్లలు పోతారు. కాలువ నీళ్ళు బావి నీళ్ళ మాదిరి నిలబడి ఉండవు, లోపల లాగుతుంటాయి. సిమెంటు వాలు మీద పాకురు పడితే ఎక్కేదానికి పట్టు దొరకదు. సెలవుల్లో ఈతకు పోయిన పిల్లల వార్తలు పత్రికల్లో ప్రతి ఎండాకాలం వస్తూనే ఉన్నాయి. ఆ ఫోటోల్లో ఉండేది ఎక్కువగా మనలాంటి ఇళ్ళ పిల్లలే.

నేను ఈత నేర్చుకున్నది ముప్పై ఏళ్ళు దాటాక. అక్కడి ఈతకొలనులో ఆరేళ్ళ పిల్లల పక్కన నిలబడి, ముక్కులోకి నీళ్ళు పోతుంటే నేర్చుకున్నాను. సిగ్గు పడలేదు. టెక్సాస్‌లో పదమూడేళ్ళ లోపు పిల్లలు చిన్న బోటు ఎక్కితే, అది కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలని చట్టం. వేక్‌బోర్డు ఆడేవాడు ఎంత ఆరితేరినవాడైనా జాకెట్ లేకుండా నీళ్ళలోకి దిగడు. ఈత వచ్చినవాడికే జాకెట్ కావాలన్నప్పుడు ఈత రానివాడి సంగతి చెప్పేదేముంది?

అందుకే మీకు నాలుగు మాటలు చెబుతాను, ఇంట్లో కూడా చెప్పండి. బోటు ఎక్కేముందు ఎంతమందికి అనుమతి ఉందో అడగండి, చెప్పకపోతే ఎక్కవద్దు. జాకెట్ ఒంటికి బిగించి కట్టుకున్నాకే కాలు పెట్టండి, సీటు కింద దాచిన జాకెట్ ప్రాణం కాపాడదు. కూర్చున్నచోటే కూర్చోండి, అందరూ ఒక పక్కకు పోతుంటే మీరు పోవద్దు. నాలుగోది, తెలిసిన పెద్దవాళ్ళ దగ్గర, నడుము లోతు నిలకడ నీళ్ళలో ఈత నేర్చుకోండి. మన పూర్వ విద్యార్థులం కొందరం కలిసి, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు ఈత నేర్పే మనిషిని, జాకెట్లను ఏర్పాటు చేద్దామని మాట్లాడుకుంటున్నాం. సంచిక చదివే అన్నలు కూడా ఒక చేయి వేస్తే ఈ పని తప్పక జరుగుతుంది.

చివరిగా ఒక్క మాట. హాస్టలు పిల్లలమని, పల్లె పిల్లలమని, కూలీల పిల్లలమని మన నెత్తిన చాలా బరువులు ఉంటాయి. ఆ బరువు మంచిదని నేను చెప్పను, బరువు బరువే. కాని గుంటక మీద కూర్చున్న పిల్లవాడికి, బండి మొగ్గు చూసిన పిల్లవాడికి, బిందె మోసిన పిల్లకు తెలిసినది ఇంజనీరింగ్ పుస్తకంలో కూడా ఉంది. పాఠం వచ్చినప్పుడు భయపడకండి, అది మీకు ముందే తెలుసు. రేపు మన పందికోన జలాశయంలో ఒక బోటు తిరిగే రోజు వస్తే, ఆ బోటు ఎంత బరువు మోయగలదో లెక్క కట్టి, "ఇంతమందికి మాత్రమే" అని దాని పక్కన రేకు బిగించే ఇంజనీరు మన హాస్టలు నుంచే రావాలని నా కోరిక. ఆ రేకు మీద అంకెను మార్చమని ఎంత పెద్దవాడు అడిగినా మార్చని మనిషి కావాలి.